నచ్చిన డిజైన్ గురించి రాయబోయే తమ్ముడికి

హనుమకొండ

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం చదివాను. ఆధునిక భవనాలు, అక్షరాల డిజైన్, సంగీతం, ఈ మూడింటి మీదా నీకున్న ఇష్టం ప్రతి పేరాలో తెలుస్తోంది. కానీ ఆ ఇష్టం నీ దగ్గరే ఆగిపోయింది. ‘అద్భుతం’, ‘అపురూపం’ అన్న మాటలన్నీ కొట్టేసి మళ్లీ చదువు, ఎంత తక్కువ మిగిలిందో నీకే అర్థమవుతుంది. వరంగల్‌లో కూర్చుని చదివే మనిషి టేపు పట్టుకునో, స్కేలు పెట్టో, చప్పట్లు కొట్టో నువ్వు చెప్పింది తనే సరిచూసుకోగలగాలి. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. ఎట్లా చేయాలో కింద రాస్తున్నాను.

చండీగఢ్‌లో ఆర్కిటెక్ట్ లె కార్బూజియే కట్టిన కాంక్రీటు ఎండ అడ్డాలను ‘వెలుగునీడల కవిత్వం’ అన్నావు. కవిత్వం సంగతి తర్వాత, ముందు నీడ లెక్క వేయి. మన ఊరు దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. దక్షిణం గోడకు 4 అడుగుల ఎత్తు కిటికీ, సరిగ్గా దాని మీద 2 అడుగుల సజ్జ ఉందనుకో. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. నీడ రెండుంబావు అడుగుల దాకా దిగుతుంది. కిటికీ కింది భాగం నుంచి ఎండ లోపలికొస్తుంది, చలికాలం కాబట్టి అది హాయే. మార్చి మూడో వారానికి అదే సజ్జ నీడ 6 అడుగులు దిగుతుంది, కిటికీ మొత్తం నీడలోకి వెళ్తుంది. ఇప్పుడు ఆ సజ్జనే పడమటి గోడకు పెట్టి చూడు. మే నెలాఖరులో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 35 డిగ్రీల దగ్గర ఉంటాడు. నీడ ఒకటిన్నర అడుగుకు మించదు, మిగతా రెండున్నర అడుగుల మీద ఎండ నేరుగా కొడుతుంది. ఐదింటికి ఆ కాస్త నీడా ఇంకా తగ్గుతుంది. పడమర వైపు సజ్జ ఒక్కటే చాలదు, నిలువు పలకలు కూడా కావాలి. మే నెలలో సూర్యుడు నడి పడమర కన్నా ఉత్తరానికి జరిగి దిగుతాడు కాబట్టి వాటిని ఏ వైపు తిప్పాలన్నది కూడా ఆలోచించాలి. కార్బూజియే అడ్డం, నిలువు రెండూ కలిపి గూళ్లలా పోయించడానికి కారణం ఇదే.

ఆ గూళ్లలో ఒక లోపం ఉంది, అది కూడా రాయి. మందపాటి కాంక్రీటు పగలంతా వేడి పట్టి ఉంచి, పొద్దుగూకాక మెల్లగా వదులుతుంది. ఎండను ఆపిన పలకే రాత్రి ఉక్కపోతకు కారణం. ఇంత దూరం వెళ్లి పరిశీలించాక నీ మెప్పుకు బలం వస్తుంది. రాసే ముందు మీ కాలనీలో ఏదైనా పడమటి కిటికీ పక్కన, మధ్యాహ్నం రెండింటికి, నాలుగింటికి, ఐదున్నరకు నీడ అంచున సుద్దముక్కతో గీత గీసి టైమ్ రాసుకో. నీ వ్యాసంలో చండీగఢ్ పక్కన ఆ మూడు గీతలకూ చోటుండాలి.

ఇంకో మాట. ఊరి మీద ప్రేమతో ప్రతి వ్యాసంలోకీ కాకతీయులను లాక్కురావద్దు. తెస్తే ఏదో ఒక కారణం చూపించి తీసుకురా. 1213 నాటి రామప్ప గుడి ఇటుక నీళ్ల మీద తేలుతుందని అందరూ రాస్తారు. ఆ తేలికపాటి ఇటుకను గర్భగుడి పైన లేచే విమానంలోనే ఎందుకు వాడారు, దానివల్ల కింది రాతి మీద, పునాదిలో నింపిన ఇసుక మీద బరువు ఎంత తగ్గి ఉంటుంది అన్న దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆధునిక భవనాల గురించి రాసేవాడికి పనికొచ్చేది ఆ ప్రశ్నే.

అక్షరాల భాగంలో హెల్వెటికా అనే ఇంగ్లిషు ఫాంటు 1957లో స్విట్జర్లాండ్‌లో పుట్టిందని చెప్పి, ‘శుభ్రంగా ఉంటుంది’ అని వదిలేశావు. మన పాఠకుడికి శుభ్రత అంటే ఏమిటో తెలుగు అక్షరం మీద చూపించు. హనుమకొండ చౌరస్తాలో ఏ ఫ్లెక్సీ ముందైనా నిలబడు. ఖాళీ నింపాలని అక్షరాన్ని అడ్డంగా సాగదీసి ఉంటారు. అట్లా సాగదీస్తే నిలువు గీతలు లావెక్కుతాయి, అడ్డ గీతలు మాత్రం అంతే ఉంటాయి. ‘ర’ గుండ్రం కోడిగుడ్డయిపోతుంది, తలకట్టు చదునవుతుంది. తర్వాత వరుసల మధ్య ఎడం చూడు, అంటే ఒక వరుస అడుగు గీత నుంచి తర్వాతి వరుస అడుగు గీత దాకా ఉన్న దూరం. ఇంగ్లిషులో 12 పాయింట్ల అక్షరానికి 14, 15 పాయింట్ల ఎడం సరిపోతుంది. తెలుగుకు 18 నుంచి 20 కావాలి. ‘రాష్ట్ర’లో ఒత్తులు రెండంతస్తులు కిందికి దిగుతాయి, కింది వరుసలో ‘కీ’ గుడిదీర్ఘం పైకి లేస్తుంది. ఎడం చాలకపోతే రెండూ గుద్దుకుంటాయి. దూరం నుంచి చదివే బోర్డుకు పది అడుగులకు అంగుళం ఎత్తు అక్షరం అని ఇంగ్లిషులో ఒక వాడుక లెక్క ఉంది. ఒత్తులకూ గుడులకూ చోటు పోగా తెలుగులో అసలు అక్షరం చిన్నదవుతుంది కాబట్టి ఆ లెక్కను ఇంకాస్త పెంచి వేసుకోవడమే మంచిది.

డీటీపీ సెంటర్లలో ఇంకా వాడే, యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో ఒత్తు విడి ముక్కగా ఉంటుంది. అక్షరాల మధ్య ఎడం పెంచితే ఒత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకు జరుగుతుంది. యూనికోడ్ ఫాంటుకు ఈ బాధ లేదు గానీ, పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పొల్లులతో కనిపిస్తాయి. ఇట్లాంటి వివరం ఒక్కటి ఉన్నా చాలు, నువ్వు పని తెలిసినవాడివని చదివేవాడికి అర్థమవుతుంది.

సంగీతం గురించి రాయడం మూడింటిలోకీ కష్టం, అందుకే నీ వ్యాసంలో బలహీనమైన భాగం కూడా అదే. అమెరికన్ సంగీతకారుడు స్టీవ్ రైష్ 1972లో ఇద్దరి చప్పట్లతో మాత్రమే చేసిన రచన నీకు చాలా ఇష్టమన్నావు. దాన్ని ‘మంత్రముగ్ధం’ అనడం కన్నా పాఠకుడి చేతికే ఇవ్వు. ఖాళీలతో కలిపి మొత్తం 12 దెబ్బల వరుస. మూడు చప్పట్లు, ఒక ఖాళీ. రెండు చప్పట్లు, ఒక ఖాళీ. ఒక చప్పట, ఒక ఖాళీ. రెండు చప్పట్లు, ఒక ఖాళీ. ఒకరు చివరిదాకా ఇదే కొడతారు. రెండోవారు ఈ వరుస కొన్నిసార్లు తిరిగాక మొదటి దెబ్బను దాటేసి రెండో దెబ్బ నుంచి అందుకుంటారు. అట్లా 12 సార్లు జరిగాక ఇద్దరూ మళ్లీ కలుస్తారు. గళ్ల కాగితం మీద రెండు వరుసలుగా చుక్కలు పెట్టి చూడు. ఇద్దరూ కలిసి కొడుతున్నప్పుడు నాలుగు ఖాళీలుంటాయి. రెండో మనిషి ఒక్క దెబ్బ జరగగానే ఆ నాలుగూ నిండిపోతాయి, ఎందుకంటే వరుసలో ఎక్కడా రెండు ఖాళీలు పక్కపక్కన లేవు. వినేవాడికి వేగం పెరిగినట్టు అనిపిస్తుంది, నిజానికి ఎవరూ వేగం పెంచలేదు. నేర్చుకునేటప్పుడు వరుస మార్చనివాడు కూడా తప్పుతాడు. పక్కవాడి దెబ్బకు లొంగిపోతాడు. అతను పైకి ఒకటి నుంచి 12 లెక్కపెడుతూ నెమ్మదిగా కొట్టాలి. ఒగ్గు డోలు, డప్పు దరువు వింటూ పెరిగిన చెవికి ఇది పట్టుబడటం కష్టం కాదు.

మూడు ఇష్టాలనూ ఒకే వ్యాసంలో కుక్కావు కదా, వాటిని కలపాలంటే నిజంగా కలిసిన చోటు వెతుకు. యానిస్ జెనాకిస్ కార్బూజియే దగ్గర పనిచేస్తూనే సంగీతం రాశాడు. 1955లో మొదటిసారి వినిపించిన ‘మెటాస్టాసిస్’లో తీగ వాద్యాలు ఒక్కోటీ ఒక్కో వేగంతో స్వరం నుంచి స్వరానికి జారుతాయి. కాగితం మీద ప్రతి జారుడూ ఒక తిన్నని గీత, అన్నీ కలిస్తే వంపు. 1958 బ్రస్సెల్స్ ప్రదర్శనలో కార్బూజియే తరఫున అతనే డిజైన్ చేసిన ఫిలిప్స్ మంటపం గోడలు కూడా తిన్నని గీతలతో పుట్టిన వంపులే. పాఠకుడితో దీన్ని చేయించవచ్చు. అడుగు పొడవు స్కేళ్లు రెండింటికి సెంటీమీటరుకొక చిల్లు చొప్పున 20 చిల్లులు పెట్టి, ఎదురెదురు చిల్లులకు దారం కట్టించు. ఒక స్కేలును మెలితిప్పితే దారాలు తిన్నగానే ఉండి, వాటి మధ్య తలం వంగుతుంది. మామూలు నూలు దారం వదులైపోయి వంపు పాడవుతుంది. కాస్త సాగే ఎలాస్టిక్ దారం వాడమని చెప్పు.

ముందు చప్పట్ల భాగం ఒక్కటే విడి వ్యాసంగా తిరగరాయి. భవనాలది మే నెలలో ఆ నీడ గీతలు గీశాక చూద్దాం. ఫొటోలు నీవి కాకపోతే తీసినవాళ్లను అడిగి, పేరు వేసి వాడు. ఫైలు యూనికోడ్‌లో పంపు, అనూలో వద్దు. చుక్కల కాగితం ఫొటో కూడా జత చేయి, లెక్క సరిపోయిందో లేదో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
అక్క