'ఏషియన్' గడిలో టిక్కు పెట్టాలా, వద్దా?

ప్రశ్న: అన్నయ్య గారూ, మేం హైదరాబాద్ నుంచి డాలస్ దగ్గర ఫ్రిస్కోకి వచ్చి మూడేళ్లయింది. మావారిది హెచ్-1బి. పాప ఇప్పుడు లెవెన్త్ గ్రేడ్. మార్కులు బాగానే వస్తాయి. కాలేజీ అప్లికేషన్‌లో 'ఏషియన్' అని పెడితే సీటు రాదని, ఆ గడి ఖాళీగా వదిలేయమని ఇక్కడి ఫ్రెండ్స్ అంటున్నారు. ఒక కన్సల్టెంట్ అయితే పాప కూచిపూడి, స్పెల్లింగ్ బీ రెండూ రాయొద్దన్నాడు, మరీ ఇండియన్‌గా కనిపిస్తోందట. ఇంకొకరేమో సుప్రీంకోర్టు ఇక్కడి రిజర్వేషన్లు కొట్టేసింది, ఇక అంతా మెరిటే అంటున్నారు. 'ఈ రిజర్వేషన్ల గొడవ పడలేకే దేశం వదిలొచ్చాం, ఇక్కడా అదేనా' అని మావారి బాధ. ఏది నమ్మాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నిజంగా టెన్షన్ పడాల్సిన మాట ఒక్కటే ఉంది. మీరు మామూలుగా రాసేసిన 'హెచ్-1బి' అన్న మాట. అంటే మీ పాప హెచ్-4 మీద, అంటే హెచ్-1బి వాళ్ల మీద ఆధారపడ్డవాళ్లకిచ్చే వీసా మీద ఉంది. గ్రీన్ కార్డు లేని పిల్లల్ని చాలా కాలేజీలు విదేశీ విద్యార్థుల కిందే చూస్తాయి. ప్రభుత్వానికి పంపే లెక్కల్లో కూడా వాళ్లు 'ఏషియన్' వరసలోకి రారు, 'నాన్ రెసిడెంట్' అనే వేరే వరసలోకి వెళ్తారు. ఫెడరల్ ఆర్థిక సాయం, అదే అందరూ ఫాఫ్సా అంటుంటారు, వాళ్లకు దొరకదు. విదేశీ విద్యార్థి విషయంలో తల్లిదండ్రులు ఫీజు కట్టగలరా లేదా అన్నది కూడా చూసి సీటిచ్చే ప్రైవేటు కాలేజీలే ఎక్కువ. అది చూడకుండా ఇచ్చేవి హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ లాంటివి కొన్నే. పాపకు డాక్టర్ కావాలని ఉంటే ఇంకా కష్టం, చాలా మెడికల్ స్కూళ్లు గ్రీన్ కార్డు లేనివాళ్లను తీసుకోవు. 21 నిండగానే హెచ్-4 కూడా పోతుంది, ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసాకి మారాలి. ఈ సంగతులు పార్టీల్లో ఎవరూ మాట్లాడరు. అందరూ ఆ జాతి గడి గురించే మాట్లాడతారు.

సరే, ఆ గడి సంగతి. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసుల్లో తీర్పిచ్చింది. సీటు ఇవ్వడానికి జాతిని ఒక అంశంగా లెక్కలోకి తీసుకోకూడదంది. ఆ ఏడాది ఆగస్టు నుంచే, చాలా కాలేజీలకు కలిపి ఒకేసారి నింపే కామన్ అప్లికేషన్‌లో విద్యార్థి ఏ గడిలో టిక్కు పెట్టారో కాలేజీ వాళ్లు తమకు కనిపించకుండా చేసుకునే వీలు వచ్చింది. కాబట్టి నిజం రాయండి, లేదంటే వదిలేయండి, తేడా ఏమీ లేదు. అబద్ధం మాత్రం రాయొద్దు. అయినా, పైన ఇంటిపేరు, తల్లి పేరు, తండ్రి చదివిన జేఎన్‌టీయూ అన్నీ వివరంగా నింపి, కింద ఒక్క గడి ఖాళీగా వదిలితే మోసపోయేదెవరు?

కూచిపూడి తీసేయమన్న కన్సల్టెంట్‌కి ఇచ్చిన డబ్బు పోయిందనుకోండి. ఏళ్ల తరబడి నేర్చుకున్నది దాచి, చివరి ఏడాది పడవ పోటీల్లోనో కత్తిసాములోనో చేరిన పిల్లల అప్లికేషన్లు చదివేవాళ్లకు కొత్త కాదు. పైగా తీర్పు రాసిన చీఫ్ జస్టిస్ రాబర్ట్స్, జాతి తన జీవితాన్ని ఎలా మలిచిందో విద్యార్థి వ్యాసంలో చెప్పుకుంటే దాన్ని పరిగణించడానికి అడ్డు లేదని కూడా రాశారు. వివక్షే కానక్కర్లేదు, స్ఫూర్తి గురించైనా రాయొచ్చు. అలాగని లేని కష్టాలు కల్పించి రాయించకండి.

ఇక 'ఇక్కడి రిజర్వేషన్లు కొట్టేశారు' అన్న మాట. మనకు తెలిసిన అర్థంలో రిజర్వేషన్లు ఇక్కడి కాలేజీల్లో ఎప్పుడో పోయాయి. కాలిఫోర్నియాలో డేవిస్ మెడికల్ స్కూల్ 100 సీట్లలో 16 సీట్లు మైనారిటీలకు పక్కన పెడితే, 1978లో బాకి కేసులో సుప్రీంకోర్టు ఆ కోటా చెల్లదంది. చాలా అంశాల్లో జాతిని కూడా ఒకటిగా చూడొచ్చని మాత్రం ఒప్పుకుంది. 2003లో మిషిగన్ యూనివర్సిటీ మైనారిటీ విద్యార్థులకు కలుపుతున్న 20 పాయింట్లను కూడా తప్పుబట్టింది. అదే రోజు అక్కడి లా స్కూల్ పద్ధతిని సమర్థిస్తూ జస్టిస్ ఓకానర్, మరో 25 ఏళ్లకు దీని అవసరం ఉండకపోవచ్చని రాశారు. ఇరవై ఏళ్లకే తెరపడింది. మొత్తం మీద ఇక్కడ రోస్టర్ లేదు, కటాఫ్ లేదు, మొదటి ర్యాంకు నుంచి వరసగా పిలిచే కౌన్సెలింగూ లేదు. దేశమంతటికీ కలిపి ర్యాంకుల జాబితాయే లేని చోట 'నా ర్యాంకుకి రావాల్సిన సీటు వాడికిచ్చారు' అంటే ఎవరికీ అర్థం కాదు.

అంతమాత్రాన మనవాళ్ల ఫిర్యాదు ఉత్తిదని నేననను. హార్వర్డ్ కేసులో పిటిషనర్ల తరఫు నిపుణుడు చూపిన లెక్క గట్టిదే. చదువు కొలమానంలో అందరినీ పది సమాన వరసలుగా విడదీస్తే, అన్నిటికన్నా పై వరసలో ఉన్న ఏషియన్ విద్యార్థికి సీటొచ్చే అవకాశం 12.7 శాతం. అదే కొలమానంలో కింది నుంచి నాలుగో వరసలో ఉన్న నల్లజాతి విద్యార్థికి 12.8 శాతం. ఇంకో సంగతి నాకు ఇంకా మంట పుట్టించింది. వ్యక్తిత్వానికి వేసే మార్కుల్లో ఏషియన్ పిల్లలకు సగటున తక్కువ పడ్డాయి. పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేసిన పూర్వ విద్యార్థులకేమో అంత తేడా కనపడలేదు. ముఖం చూసినవాళ్లకు కనపడని లోపం కాగితం చూసినవాళ్లకు కనపడిందన్నమాట! కింది కోర్టు దీన్ని కావాలని చేసిన వివక్ష అనలేదు, నిజమే. కానీ ఈ 'వ్యక్తిత్వం' పద్ధతి పాతది. 1920ల్లో హార్వర్డ్ ప్రెసిడెంట్ లోవెల్‌కి యూదు విద్యార్థులు ఎక్కువైపోతున్నారని బెంగ పట్టుకుంది. పరీక్ష మార్కులు ఒక్కటే చాలవు, గుణగణాలు కూడా చూడాలన్న నియమాలు అక్కడ ఆ రోజుల్లోనే బలపడ్డాయి.

అదే కేసులో బయటపడ్డ మరో లెక్క మాత్రం మన వాట్సాప్ గ్రూపుల్లో తిరగదు. హార్వర్డ్‌లో సీటొచ్చిన తెల్లజాతి విద్యార్థుల్లో 43 శాతం మంది కాలేజీ ఎంపిక చేసుకున్న క్రీడాకారులో, పూర్వ విద్యార్థుల పిల్లలో, అధ్యాపకుల పిల్లలో, డీన్ ప్రత్యేక జాబితాలో ఉన్నవాళ్లో. ఆ జాబితాలో దాతల బంధువులు కూడా ఉంటారు. ఆ హోదా లేకపోతే వీళ్లలో దాదాపు ముప్పావు మందికి సీటు వచ్చేది కాదని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఆ లెక్క కట్టినవాళ్లలో ఒకరు ఏషియన్ల పక్షాన కోర్టులో సాక్ష్యం చెప్పిన నిపుణుడే. 2023 తీర్పు ఈ వారసత్వ సీట్ల జోలికి పోలేదు. మేనేజ్‌మెంట్ కోటా చూసి వచ్చిన మనకు ఇది అర్థం కావడానికి ఎంతసేపు పడుతుంది? అయినా కోపమంతా నల్లజాతి పిల్లల మీదికే పోతుంది. డబ్బున్న తెల్లవాళ్ల మీద ఎవరికీ ఎందుకు రాదో నేను చాలాసార్లు అడిగాను, సరైన జవాబు రాలేదు.

తీర్పు తర్వాత 'అంతా మెరిటే' అయిందా అంటే అదీ లేదు. ఎంఐటీలో మొదటి ఏడాదే ఏషియన్లు 40 నుంచి 47 శాతానికి పెరిగారు, నల్లజాతివారు 13 నుంచి 5కి పడిపోయారు. యేల్‌లో మాత్రం ఏషియన్లు 30 నుంచి 24 శాతానికి తగ్గారు. ప్రిన్స్‌టన్‌లోనూ కొంచెం తగ్గారు. కాబట్టి 'ఇక మన పిల్లలకు తిరుగులేదు' అనేవాళ్ల మాట నమ్మి ఆశలు పెంచుకోకండి.

మీవారి బాధకు వస్తాను. కాస్త కటువుగా ఉంటే ఏమీ అనుకోవద్దు. రిజర్వేషన్ల వల్ల దేశం వదిలామని చెప్పేవాళ్లలో మేనేజ్‌మెంట్ కోటాలో డొనేషన్ కట్టి ఇంజనీరింగ్ చదివినవాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. తెలంగాణలో, ఆంధ్రలో ప్రైవేటు కాలేజీల్లో ఎన్నారై కోటా ఉంది. 2005లో సుప్రీంకోర్టు ఇనాందార్ కేసులో దానికి 15 శాతం వరకు అనుమతించింది. డాలర్లలో కట్టే ఆ సీటుని కోటా అని పేరు పెట్టి మరీ పిలుస్తాం, తప్పు అనిపించదు. ఇంకోటి. మీరు వెళ్లే పాట్‌లక్‌లో, మీ పక్కనే కూర్చున్నవాళ్లలో రిజర్వేషన్ సీటులో, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదివి మీతో సమానంగా ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఉంటారు. ఆ మాట వచ్చినప్పుడు వాళ్లు లేచి ప్లేటు పెట్టడానికి వెళ్తారు. మీవారు గమనించి ఉండరు.

రెండు దేశాల దారులు ఎందుకు వేరయ్యాయో తెలిస్తే ఈ పోలిక కూడా తగ్గుతుంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో అక్కడి కాలేజీ సీట్లు కులాల వారీగా పంచే జీవో ఉండేది. ప్రతి 14 సీట్లలో ఎవరికెన్నో అందులో రాసి ఉండేది. 1951 ఏప్రిల్‌లో చంపకం దొరైరాజన్ కేసులో మన సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రెండున్నర నెలలు తిరక్కుండానే పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి, వెనుకబడినవారికి ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చంది. అమెరికాలో అలాంటి సవరణ రాలేదు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కోసం 1868లో తెచ్చిన 14వ సవరణనే చూపించి ఇప్పుడు కోర్టు జాతిని చూడొద్దంది. ఇది న్యాయమా అంటే జస్టిస్ సోటోమయోర్, జస్టిస్ జాక్సన్ కాదని గట్టిగా భిన్నాభిప్రాయాలు రాశారు. నా మటుకు నాకు హార్వర్డ్ మార్కులు వేసిన తీరు తప్పే అనిపిస్తుంది. దాన్ని సరిదిద్దకుండా మొత్తం పద్ధతినే తీసేయడం ఇంకా తప్పు అనిపిస్తుంది.

మీరు టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి ఒక పేరు తెలుసుకోండి, హీమన్ స్వెట్. హ్యూస్టన్‌లో పోస్ట్‌మ్యాన్. 1946లో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ లా స్కూలుకి దరఖాస్తు పెడితే నల్లజాతివాడని చేర్చుకోలేదు. సీటు ఇవ్వమని 1950లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. రేపు మీ పాప దరఖాస్తు పెట్టే యూనివర్సిటీల్లో అదీ ఉంటుంది. మన విషయానికొస్తే, 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో ఇదే సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కారు, పౌరసత్వానికి అర్హులు కారంది. 1946 చట్టం తలుపు కొంచెం తీసి ఏడాదికి 100 మంది భారతీయులు రావచ్చంది. ఆ తలుపు పూర్తిగా తెరిచిన 1965 ఇమిగ్రేషన్ చట్టం, నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం దేశాన్ని కుదిపిన వేడిలోనే వచ్చింది. ఇంట్లో 'నల్లోళ్లు' అంటూ మాట్లాడుకునే అలవాటుంటే మానుకోండి, పాప వింటుంది.

ఆ 'ఏషియన్' గడి కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1970 జనాభా లెక్కల్లో భారతీయుల్ని తెల్లవాళ్ల కింద రాసుకున్నారు. మైనారిటీలకు ఇచ్చే సౌకర్యాలు మనకూ రావాలని అప్పటి భారతీయ సంఘాలు తిరిగి తిరిగి, 1980 లెక్కలకు 'ఏషియన్ ఇండియన్' అని వేరే గడి సాధించుకున్నాయి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ కాంట్రాక్టులు దక్కేలా చూసే 8ఎ అనే పథకంలో 1982లో, సామాజికంగా వెనుకబడ్డవాళ్లుగా ముందే ఎంచే జాబితాలో మన ఉపఖండం వాళ్లను కూడా చేర్పించుకున్నారు. ఈ రోజుకీ తెలుగువాళ్ల ఐటీ కన్సల్టెన్సీల వెబ్‌సైట్లు చూడండి, 'మైనారిటీ ఓన్డ్' సర్టిఫికెట్ మొదటి పేజీలోనే మెరుస్తుంటుంది. పొద్దున కాంట్రాక్టు కోసం మైనారిటీ, సాయంత్రం పిల్లల సీటు కోసం మెరిట్. 2023 జూలైలో టెనెసీలో ఒక ఫెడరల్ జడ్జి ఆ 8ఎ ముందస్తు లెక్క చెల్లదన్నప్పుడు, కాలేజీ తీర్పుకు చప్పట్లు కొట్టినవాళ్లే గాభరాపడి లాయర్లకు ఫోన్లు చేశారు. ఆఫీసుల్లో మనం మనవాళ్లనే తీసుకుంటామన్న ఫిర్యాదులు కూడా కోర్టులకు ఎక్కుతున్నాయి. మీవారు రేపు మేనేజరై ఇంటర్వ్యూలు చేసేటప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు పాప పని. టెక్సస్‌లో చూడాల్సింది జాతి కాదు, క్లాస్ ర్యాంకు. 1996లో ఇక్కడి ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ప్రవేశాల్లో జాతిని చూడకూడదంటే, మరుసటి ఏడాది రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. ప్రతి హైస్కూలులో పై 10 శాతం పిల్లలకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా సీటు. పల్లె స్కూళ్లకూ, పేద పేటల స్కూళ్లకూ దారి దొరకాలని. తాకిడి ఎక్కువై ఆస్టిన్ దాన్ని 6 శాతానికి దించింది, 2026 ఫాల్‌లో చేరేవాళ్ల నుంచి 5 శాతం. ఫ్రిస్కో స్కూళ్లలో ఆ 5 శాతం కోసం మీ పాపతో పోటీ పడేది ఎక్కువగా పక్క వీధి తెలుగు పిల్లలే.

ర్యాంకు దాటినా సీటు యూనివర్సిటీలోనే గ్యారంటీ, కంప్యూటర్ సైన్స్‌లో కాదు. దానికి వేరే ఎంపిక ఉంటుంది. హెచ్-4 పిల్లలకు టెక్సస్‌లో రెసిడెంట్ ఫీజు పొందే వీలుంది. దానికి కావలసిన కాగితాలేమిటో కన్సల్టెంట్‌ని కాకుండా యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసునే అడగండి. స్కూల్ కౌన్సెలర్‌తో ఈ నెలలోనే అపాయింట్‌మెంట్ తీసుకుని పాప ర్యాంకు ఎంతో తెలుసుకోండి. లెవెన్త్ అయ్యేనాటి ర్యాంకే చాలావరకు అప్లికేషన్‌తో వెళ్తుంది. ఆస్టిన్‌తో పాటు టెక్సస్ ఏ అండ్ ఎం, యూటీ డాలస్ యూనివర్సిటీలకు కూడా పెట్టించండి.