మీరడిగారు: ‘పునరాలోచించు’ ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ కుదరదు?

ప్రశ్న: సెలవు కోసం నేను పెట్టుకున్న అర్జీని మా పై అధికారి ఒప్పుకోలేదు. ‘దయచేసి మీ నిర్ణయాన్ని మళ్ళీ ఒకసారి పునరాలోచించగలరని మనవి’ అని రాసి పంపబోతుంటే పక్క సీటావిడ చూసి, ఇందులో రెండు తప్పులున్నట్టున్నాయి అన్నారు, కానీ అవేంటో ఆవిడకీ తెలీదట. ఉత్తరం ఇంకా పంపలేదు, టెన్షన్‌గా ఉంది. ఏం మార్చాలి?

జవాబు: టెన్షన్ వద్దు, ఆ వాక్యం ఎవరికైనా అర్థమవుతుంది. కానీ ఆవిడ చెవి మంచిది, రెండు చోట్లా సరిగ్గానే పట్టుకున్నారు.

‘మళ్ళీ ఒకసారి’తో మొదలుపెడదాం. ‘పునః’ అంటేనే మళ్ళీ. ‘మళ్ళీ పునరాలోచించు’ అంటే ‘మళ్ళీ మళ్ళీ ఆలోచించు’ అన్నట్టు, కాబట్టి రెండింట్లో ఒకటి తీసేయండి. అయితే మీ అధికారి ఇప్పటికే ఒకసారి పునరాలోచించి, అప్పుడు కూడా కాదన్నారనుకోండి, అప్పుడు మీరు రాసే రెండో ఉత్తరంలో ‘మరోసారి పునరాలోచించండి’ అన్నది నూటికి నూరు పాళ్ళు ఒప్పు. అందుకే ఈ జంటను చూడగానే కొట్టేయకుండా, ఎన్నోసారి అడుగుతున్నారో చూసి దిద్దాలి.

రెండోది ‘నిర్ణయాన్ని’. ఇక్కడ కొంచెం ఆగాలి. ‘ఉపాయం ఆలోచించాడు’ అంటాం, అంటే ఆలోచనలోంచి ఉపాయం పుట్టింది. కానీ దేని మీదికి ఆలోచన పోతోందో దానికి గురించి, మీద, పై లాంటివి చేరుస్తాం. ‘పిల్లల చదువు గురించి ఆలోచిస్తున్నాం’ అంటాం గానీ ‘పిల్లల చదువును ఆలోచిస్తున్నాం’ అనం కదా. ముందు ‘పునః’ తగిలించినంత మాత్రాన ఆలోచించడం అనే క్రియ స్వభావం మారదు, కాబట్టి ‘మీ నిర్ణయం గురించి పునరాలోచించండి’ అనాలి. ‘నిర్ణయాన్ని’ అనే మాటే ఉంచుకోవాలనిపిస్తే క్రియను మార్చండి: ‘మీ నిర్ణయాన్ని పునఃపరిశీలించండి’. పరిశీలించడానికి ఎదురుగా ఒక వస్తువు కావాలి, అందుకే అక్కడ ‘ను’ హాయిగా ఒదుగుతుంది. ‘నిర్ణయాన్ని పునరాలోచించాలి’ అని పత్రికల్లోనూ కనిపిస్తుంటుంది, నేను దాన్ని నేరంగా చూడను, కానీ నా చేతికొచ్చిన కాగితంలో ఉంటే మాత్రం దిద్దే పంపిస్తాను.

మీ సందర్భానికి పునఃపరిశీలనే బాగుంటుంది. ఎందుకంటే అధికారి ముందు మీ అర్జీ ఉంది, కారణాలున్నాయి, ఆయన వాటిని తిరిగి చూడాలి. ‘నా సెలవు విషయంలో మీ నిర్ణయాన్ని దయచేసి పునఃపరిశీలించండి’ అని రాసి, ఆ కిందే మొదటి అర్జీలో చెప్పని కారణం ఏదైనా ఉంటే ఒక్క వాక్యంలో చెప్పండి. ‘గలరని మనవి’ తప్పేమీ కాదు, ఆఫీసు ఉత్తరాల్లో నలిగిన మాటే, ఉంచుకుంటే ఉంచుకోండి.

ప్రశ్న: పునర్‌పరిశీలన, పునఃరాలోచన, పునఃనిర్మాణం... ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తున్నారు. గుర్తుపెట్టుకునే దారి ఏమైనా ఉందా?

జవాబు: ఉంది, ‘అంతః’ను పక్కన పెట్టుకోండి. అంతఃపురం అని అందరూ తప్పు లేకుండా రాస్తారు, అంతరాత్మ, అంతర్గతం కూడా అంతే, ‘అంతర్‌పురం’ అని ఎవరూ రాయరు. ‘పునః’ కూడా అదే దారిలో నడుస్తుంది. తర్వాత ‘ప’ ఉంటే విసర్గ అలాగే నిలుస్తుంది, కాబట్టి పునఃపరిశీలన, పునఃప్రారంభం. తర్వాత అచ్చు ఉంటే విసర్గ పోయి ‘ర’ వస్తుంది, పునః, ఆలోచన కలిసి పునరాలోచన అవుతాయి. ‘పునఃరాలోచన’లో విసర్గా ఉంది, దాని బదులు రావాల్సిన రకారమూ ఉంది, అదే తప్పు. గ, జ, న, వ లాంటివి వస్తే పునర్గణన, పునర్జన్మ, పునర్నిర్మాణం, పునర్విచారణ. ‘చ’ వస్తే పునశ్చరణ.

ప్రశ్న: ‘మీరు చెప్పిన దాని గురించి పునరాలోచించాను’ అని ఒక స్నేహితుడు మెసేజ్ పెట్టాడు. ఒప్పుకున్నాడనే అనుకుని ఏర్పాట్లన్నీ చేసేశాను, తీరా చూస్తే ఒప్పుకోలేదు! పునరాలోచించడం అంటే మనసు మార్చుకోవడం కాదా?

జవాబు: కాదండీ, మీ ఏర్పాట్లు వృథా అయినందుకు బాధగానే ఉంది. పునరాలోచన అంటే తీసుకున్న నిర్ణయం దగ్గరికి తిరిగి వెళ్ళి చూడటం, అంతవరకే. చూశాక అదే నిర్ణయం మీద నిలబడవచ్చు. మన రాజ్యాంగం 111వ అధికరణంలో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. పార్లమెంటు ఆమోదించిన బిల్లును, అది ద్రవ్య బిల్లు కాకపోతే, రాష్ట్రపతి పునఃపరిశీలన కోసం తిప్పి పంపవచ్చు, ఉభయ సభలూ దాన్ని మళ్ళీ చూసి ఒక్క అక్షరం మార్చకుండా ఆమోదించినా సరే, రెండోసారి రాష్ట్రపతి ఆమోదం నిరాకరించడానికి వీల్లేదు. చూడటం వేరు, మార్చడం వేరు అన్నమాట. మార్చుకున్నప్పుడు ఆ సంగతి విడిగా చెప్పాలి: ‘పునరాలోచించి, వస్తానని నిర్ణయించుకున్నాను’ లేదా మామూలుగా ‘మనసు మార్చుకున్నాను’.

కానీ ‘పునరాలోచనలో పడ్డాడు’ అన్నామంటే వాసన మారిపోతుంది. అక్కడ ఆ మనిషి మొదటి నిర్ణయం మీద అంత గట్టిగా లేడని, ఊగుతున్నాడని వినిపిస్తుంది. ఒక్క ‘పడటం’ చేసిన పని అది, నాకు తెలుగులో ఇలాంటివి చూస్తే ఎంత ముచ్చటేస్తుందో చెప్పలేను.

ఇంకో సంగతి. ముందు ఒక నిర్ణయమో అభిప్రాయమో లేకుండా పునరాలోచన ఉండదు. ఏ ఫోన్ కొనాలో ఇంకా తేలనివాళ్ళు ‘పునరాలోచిస్తున్నాను’ అనకూడదు, వాళ్ళు ఆలోచిస్తున్నారు, లేదా తర్జనభర్జన పడుతున్నారు. ఆర్డర్ పెట్టేశాక, రద్దు చేద్దామా అనిపిస్తే అప్పుడు పునరాలోచన.

ప్రశ్న: ఇంట్లోవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ మాట వాడితే అదోలా ఉంటోంది. నాకొక్కదానికేనా?

జవాబు: మీకొక్కరికే కాదు. మా తమ్ముడు ఉద్యోగం మానేస్తున్నానని రాత్రిపూట ఫోన్ చేశాడు, రాజీనామా అప్పటికే టైప్ చేసి పెట్టుకున్నాడు. నా నోటి వెంట వచ్చింది ‘ఒక్కసారి ఆలోచించుకోరా’ అన్న మాట. ‘పునరాలోచించరా’ అని ఆ క్షణంలో ఎవరికీ రాదు, వస్తే వాడు నోటీసు అందుకున్నట్టు ఫీలవుతాడు. అక్కడ ‘మళ్ళీ’ కూడా అక్కర్లేదు, వాడు అప్పటికే ఆలోచించాడని ఇద్దరికీ తెలుసు, ‘ఒక్కసారి’ అనడంలోనే ఆ మళ్ళీ ఉంది. ఇక ‘ఆలోచించు’ అనకుండా ‘ఆలోచించుకో’ అన్నాం చూడండి, ఆ ‘కో’లో ‘నీ కోసం, నీ మంచి కోసం’ అన్న భావం ఉంది, సంస్కృతపు మాట ఎంత బరువైనదైనా దాన్ని మోయలేదు. ఇంట్లో ఇవి వాడండి, ఉత్తరాల్లో, ప్రకటనల్లో, సభల్లో పునరాలోచించండి. ఆఫీసులో ‘రీకన్సిడర్ చేయండి’ అంటారా, అనండి, మాట్లాడేటప్పుడు అడ్డేమీ లేదు.

ప్రశ్న: పరీక్షకు ముందు ‘పాఠాలన్నీ పునరాలోచించాను’ అని మా అబ్బాయి రాశాడు. సరైనదేనా?

జవాబు: కాదు. చదివిన పాఠాన్ని మళ్ళీ చదివితే పునశ్చరణ. ‘పాఠాలన్నీ ఇంకోసారి చదువుకున్నాను’ అంటే ఇంకా బాగుంటుంది. పుస్తకం మూసి మనసులో తిప్పుకుంటే నెమరువేసుకోవడం, ఆవు మేసిన మేతను తీరిగ్గా కూర్చుని నమలడం లాంటిది, ఆ బొమ్మ చూపించి చెప్పండి, పిల్లాడు మర్చిపోడు.

ప్రశ్న: ‘ఈ నియమం పునరాలోచించబడుతుంది’, ‘రెండోసారి ఆలోచించకుండా ఒప్పుకున్నాడు’. ఇవి తెలుగేనా?

జవాబు: అక్షరాలు తెలుగువి, వాక్యాలు అనువాదాలు. మొదటిదాంట్లో ఎవరు ఆలోచిస్తారో చెప్పండి: ‘ఈ నియమం గురించి కమిటీ పునరాలోచిస్తుంది’. రెండోదానికి ‘వెనకాముందూ చూడకుండా ఒప్పుకున్నాడు’ అని మనకు ఎప్పటినుంచో ఉంది.