పల్లెల్లో వాతావరణ మార్పుపై పరిశోధన, బోధన: ఏ పీజీ చేయాలి?

ప్రశ్న: మాది కల్యాణదుర్గం. అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది. వాతావరణ మార్పులను తట్టుకోవడానికి చేసే పనుల్లో పేద రైతులు, కూలీలు వెనకబడకుండా చూడటం ఎలాగన్న అంశంపై పరిశోధన చేసి, లెక్చరర్ అవుతానంటోంది. ఉద్యోగాలుంటాయా? ఏ పీజీ మంచిది?

జవాబు: ఉద్యోగాలున్నాయి. అయితే 'క్లైమేట్' పేరుతో నోటిఫికేషన్ పడుతుందని కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. పోస్టులు చాలావరకు వ్యవసాయ విస్తరణ (కొత్త పద్ధతులను రైతులకు చేర్చే శాస్త్రం), అగ్రికల్చరల్ ఎకనామిక్స్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, సోషల్ వర్క్ వంటి పాత పేర్లతోనే వస్తాయి. డిగ్రీ పాత సబ్జెక్టులో, థీసిస్ కొత్త అంశంలో ఉంటేనే మేలు. కొత్త పేర్ల ఎంఏలు చదివినవారికి చిక్కొచ్చేది ఇక్కడే. చదువు బాగానే ఉంటుంది, దరఖాస్తు పెట్టేటప్పుడే 'సంబంధిత సబ్జెక్టు కాదు' అంటారు.

మీ అమ్మాయికి దగ్గరి దారి ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశ పరీక్ష రాసి, విస్తరణలోనో ఎకనామిక్స్‌లోనో ఎమ్మెస్సీ చేయడం. ఆ తర్వాత ఏఎస్‌ఆర్‌బీ నెట్ (వ్యవసాయ వర్సిటీల్లో బోధనకు అర్హత పరీక్ష), పీహెచ్‌డీ. సామాజిక శాస్త్రాల వైపు మనసుంటే సీయూఈటీ-పీజీ ప్రవేశ పరీక్షతో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. అప్పుడు లెక్చరర్ అర్హతకు రాయాల్సింది యూజీసీ నెట్. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆపైన రూ.42,000 ఇస్తారు. జేఆర్‌ఎఫ్ వయోపరిమితి 30 ఏళ్లు, మహిళలకు మరో ఐదేళ్ల సడలింపు. కనుక మధ్యలో ఏడాదో రెండేళ్లో పల్లెల్లో పనిచేసినా నష్టమేమీ లేదు. పైగా అదే ఆమెకు అసలు చదువు. అనంతపురంలో యాక్షన్ ఫ్రాటెర్నా, చెన్నేకొత్తపల్లిలో టింబక్టు కలెక్టివ్, హైదరాబాద్‌లో వాసన్ అనే స్వచ్ఛంద సంస్థలు ఇలాంటి పనిలోనే ఉన్నాయి. వాతావరణ మార్పులను తట్టుకునే సాగు కోసం 2011లో మొదలైన నిక్రా పథకాన్ని నడిపిస్తున్నది హైదరాబాద్‌లోని క్రీడా (కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ). ఇలాంటి సంస్థల్లో కాంట్రాక్టు పోస్టులు పడినప్పుడు వదలొద్దు. జీతం గొప్పగా ఉండదన్నది మాత్రం ముందే తెలిసి వెళ్లాలి.

ఇక ఈ రంగంలో నేర్చుకోవాల్సిన ముఖ్యమైన విద్య 'ఎవరికి?' అని అడగడం. డ్రిప్‌నే చూడండి. ఎకరాకు పట్టే నీళ్లు తగ్గుతాయి, నిజమే. కానీ మిగిలిన నీళ్లతో రైతు మరో రెండెకరాలు తడుపుతాడు. బోరు నడిచే గంటలు తగ్గవు, పక్క చేనులో పాత బావి మాత్రం ఎండుతుంది. సబ్సిడీకి భూమి కాగితాలు, నీటి వసతి కావాలి కాబట్టి కౌలు రైతు పేరు జాబితాలోకే ఎక్కదు. ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం (2019) కింద కౌలు రైతుకు ఇచ్చే 11 నెలల సాగు హక్కు పత్రానికైనా భూ యజమాని సంతకం ఉండాలి. చాలామంది పెట్టరు. నివేదికలో మాత్రం 'ఇన్ని ఎకరాలకు డ్రిప్' అని విజయంగా కనిపిస్తుంది.

సర్వేల్లోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. పట్టాదారుల జాబితా నుంచి నమూనా తీస్తే కౌలుదారులు, కూలీలు, తమ పేరిట పట్టా లేకుండా సేద్యం చేసే మహిళలు మొదటి రోజే జారిపోతారు. ముందు ఊరంతా తిరిగి ఇళ్ల జాబితా రాసుకోవాలి. దాన్ని సొంత బోరున్నవారు, వర్షాధార రైతులు, కౌలుదారులు, భూమిలేనివారుగా విడగొట్టి, ఒక్కో వర్గం నుంచి కొందరిని తీసుకోవాలి. అందర్నీ రచ్చబండ దగ్గర కూర్చోబెడితే మాట్లాడేది బోరున్న నలుగురే. ఆడవాళ్లతో విడిగా, వాళ్లకు పని లేని వేళ చూసుకుని మాట్లాడాలి. మధ్యాహ్నం మీటింగ్ పెడితే కూలీకి వెళ్లినవాళ్లు ఎలా వస్తారు?

లెక్కల్లోనూ జాగ్రత్త అవసరం. వాతావరణ శాఖ దేశాన్ని గడులుగా విడదీసి ఇచ్చే గ్రిడ్ వర్షపాతంలో ఒక్కో గడి అక్షాంశ, రేఖాంశాల్లో 0.25 డిగ్రీలు, అంటే పక్కకు పాతిక కిలోమీటర్ల పైమాటే. దాంతో 'మా ఊళ్లో వర్షం తగ్గింది' అని రాస్తే పరీక్షకులు ఒప్పుకోరు. మండల వర్షమాపకం లెక్కలతో సరిచూడాలి, కనీసం 30 ఏళ్ల లెక్క తీయాలి. మొత్తం వర్షం మారకపోయినా వానల మధ్య ఎడం పెరిగితే వేరుశనగ దెబ్బతింటుంది. అందుకే ఏడాది సగటు ఒక్కటీ చూసి ఊరుకోకూడదు. గణాంకాలకు వాడే ఆర్, మ్యాపులకు వాడే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే, ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.

చివరి ఏడాది కాబట్టి రావెప్ (విద్యార్థులు ఊళ్లో ఉండి వ్యవసాయ పనుల అనుభవం పొందే కార్యక్రమం) కింద పల్లెలో ఉండే అవకాశం ఆమెకు ఉంటుంది. కాలేజీ అడిగే రికార్డు రాస్తూనే, ఆ ఊళ్లో ఒక్క పథకాన్ని పట్టుకుని, అది ఎవరికి అందింది, ఎవరికి ఎందుకు అందలేదో నాలుగైదు పేజీలు రాయమనండి. అజీమ్ ప్రేమ్‌జీ వర్సిటీ ఇంటర్వ్యూకైనా, ఎమ్మెస్సీలో గైడ్ దగ్గరికి వెళ్లేటప్పుడైనా ఆ కాగితాలు పనికొస్తాయి.