టొరెంట్‌లో సినిమా దించాను, యూనివర్సిటీ నోటీసు పంపింది

ప్రశ్న: టెక్సాస్‌లో ఎంఎస్ మొదటి ఏడాది చదువుతున్నాను, ఉండేది యూనివర్సిటీ హౌసింగ్‌లోనే. జనవరిలో టొరెంట్‌లో ఒక సినిమా దించుకున్నాను. వారం తిరక్కుండా 'కాపీరైట్ ఫిర్యాదు' అని మెయిల్ వచ్చింది, నా నెట్ కూడా ఆపేశారు. అందులో ఫైలు పేరు, ఐపీ అడ్రస్, టైం అన్నీ ఉన్నాయి. కానీ టైం 03:40 యూటీసీ అని ఉంది, తెల్లవారుజామున ఆ టైంకి నేను నిద్రపోతున్నాను. అది నేను కాదని రాసేయనా? మన దగ్గర ఐబొమ్మలో అందరూ చూసేవాళ్లు, ఒక్కరికీ ఏమీ కాలేదు. వీపీఎన్ వాడి ఉంటే దొరికేవాడివి కాదని రూమ్మేట్ అంటున్నాడు. వీసా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. లోన్ తీసుకుని పంపిన నాన్నకి చెప్పలేకపోతున్నాను.

జవాబు: ముందు వీసా సంగతి, ఆ భయం దిగితే తప్ప మిగతాది తలకెక్కదు. మీకు వచ్చింది కోర్టు నోటీసు కాదు, పోలీసు కేసూ కాదు. సినిమా హక్కులున్నవాళ్ల తరఫున టొరెంట్లను గమనిస్తూ ఉండే ఏజెన్సీలు ఉంటాయి, అవి ఐపీ అడ్రస్ పట్టుకుని 1998 నాటి డీఎంసీఏ అనే అమెరికా డిజిటల్ కాపీరైట్ చట్టం కింద యూనివర్సిటీకి ఫిర్యాదు పంపుతాయి, ఆ నిమిషంలో ఆ అడ్రస్ ఎవరి లాగిన్ మీద ఉందో యూనివర్సిటీ తన రికార్డుల్లో చూసి ఆ విద్యార్థికి మెయిల్ పెడుతుంది. ఫిర్యాదు చేసినవాళ్లకి మామూలుగా ఈ దశలో మీ పేరు తెలియదు, కావాలంటే కోర్టుకెళ్లి సబ్‌పీనా, అంటే వివరాలు ఇవ్వాలన్న ఆదేశం, తెచ్చుకోవాలి. ఈ మెయిల్ ఇమిగ్రేషన్‌ వాళ్లకి వెళ్లేది కాదు. వీసాకి ముప్పు వేరే దారిలో వస్తుంది: ఇదే పని మళ్లీ మళ్లీ చేసి సస్పెన్షన్ దాకా తెచ్చుకుంటే, ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైం చదువులో ఉండి తీరాలి కాబట్టి, అది నేరుగా సెవిస్ రికార్డు మీద, అంటే విదేశీ విద్యార్థుల వివరాలు అమెరికా ప్రభుత్వం ఉంచే రికార్డు మీద పడుతుంది.

ఇక నిద్ర సంగతి. దయచేసి అది రాసి పంపకండి. యూటీసీ అంటే ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక టైం, మీ గోడ గడియారం టైం కాదు. జనవరిలో టెక్సాస్ దానికంటే ఆరు గంటలు వెనక ఉంటుంది, అంటే మెయిల్‌లోని 03:40 మీకు ముందు రోజు రాత్రి 9:40. అప్పుడు లాప్‌టాప్ తెరిచే ఉంది కదా? ఒకవేళ నిజంగానే నిద్రలో ఉన్నా లాభం లేదు. చాలా టొరెంట్ సాఫ్ట్‌వేర్లు ఇంటూ గుర్తు నొక్కినా ఆగిపోవు, కింద మూలన గడియారం పక్కన చిన్న బొమ్మలా కూర్చుని నడుస్తూనే ఉంటాయి, కొన్ని కంప్యూటర్ ఆన్ చేయగానే వాటంతట అవే మొదలవుతాయి.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, చాలామంది పిల్లలకి ఇది ఎవరూ విడమరిచి చెప్పరు. టొరెంట్‌లో మీరు సినిమా దించుకోవడమొక్కటే చేయరు, దిగిన ముక్కని దిగినట్టే ఊరూపేరూ తెలియని వందల మందికి పంపుతుంటారు, పూర్తిగా దిగాక కూడా పంపుతూనే ఉంటారు. ఆ గుంపులో ఎవరు చేరినా మీ ఐపీ అడ్రస్ కనిపిస్తుంది, ఏజెన్సీ చేసే పనల్లా ఆ గుంపులో చేరి జాబితా రాసుకోవడమే. ఐబొమ్మ లాంటి సైట్లో మీరు చూసేవారు, పంచేది సైటు నడిపేవాళ్లు. అదీ తప్పే, దాన్ని నడుపుతున్నాడన్న ఆరోపణపై 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు కూడా. టొరెంట్‌లో మాత్రం పంచేది మీరే.

పంచినందుకు అమెరికా చట్టంలో లెక్క ఎలా ఉంటుందంటే, నష్టం ఎంతని రుజువు చేయకపోయినా ఒక్కో సినిమాకి, ఒక్కో పాటకి 750 నుంచి 30,000 డాలర్ల దాకా కోర్టు పరిహారం వేయొచ్చు, కావాలని చేశారని తేలితే 1,50,000 దాకా. బోస్టన్ యూనివర్సిటీలో పీజీ చేస్తున్న జోయెల్ టెనెన్‌బామ్‌కి 2009లో జ్యూరీ 30 పాటలకి 6,75,000 డాలర్లు వేసింది, 2013లో అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. అతను మొదట్లో కాదన్నాడు, వేరేవాళ్లు చేసి ఉంటారన్నాడు, చివరికి బోనెక్కి ఒప్పుకున్నాడు. అందరికీ ఇలా జరుగుతుందని బెదిరించడానికి చెప్పడం లేదు, చాలా నోటీసులు హెచ్చరికతోనే ఆగిపోతాయి. అబద్ధంతో జవాబు మొదలుపెట్టొద్దని చెప్తున్నాను, అంతే.

నాకు తెలియదన్నా పనిచేయదు. 2008లో వచ్చిన ఉన్నత విద్య చట్టం ప్రకారం అక్కడి కాలేజీలు ఏటా విద్యార్థులకి ఈ విషయం తెలియజేయాలి, మీ ఇన్‌బాక్స్‌లోనూ వెతికితే ఆ మెయిల్ ఉండొచ్చు.

ఇవాళే ఆ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఆపి తీసేయండి, ఫైలు కూడా. మెయిల్‌లో చెప్పిన గడువులోగా వాళ్లడిగింది చేయండి. కొన్ని చోట్ల చిన్న క్విజ్ రాయిస్తారు, కొన్ని చోట్ల ఇక చేయనని సంతకం పెట్టిస్తారు. 'ఇంత కట్టండి, సెటిల్ చేస్తాం' అన్న లింకు ఉంటే నొక్కకండి, డబ్బు కట్టకండి, ముందు యూనివర్సిటీ వాళ్లకి చూపించండి. నిజంగా కోర్టు కాగితం వస్తే మాత్రం ఏదీ డిలీట్ చేయకుండా లాయరు దగ్గరికి వెళ్లాలి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థుల కోసం న్యాయ సలహా ఆఫీసు ఉంటుంది, మీరు కట్టే ఫీజులోనే నడుస్తుంది, మొహమాటపడకండి. రూమ్మేట్ వీపీఎన్ సలహా పక్కన పెట్టండి, దానివల్ల దొరకడం కష్టమవుతుందేమో గానీ చేసే పని మారదు. నాన్నగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి, రేపు ఎవరి నోటి నుంచో వింటే ఆయన ఇంకా కంగారుపడతారు.

ప్రశ్న: విజయవాడలో బీటెక్ మూడో ఏడాది. మా టెలిగ్రాం ఛానెల్లో టెక్స్ట్‌బుక్కులు, గేట్ కోచింగ్ మెటీరియల్ స్కాన్ చేసి పెడతాను. పైసా తీసుకోను. అది నేరమని మా సార్ అంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజమే. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. వ్యాపారం కోసం చేయకపోతే ప్రత్యేక కారణాలు చూపి జడ్జి శిక్ష తగ్గించొచ్చు, నేరం మాత్రం పోదు. ఇది బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. టెలిగ్రాంలో పేరు తెలియదులే అనుకోకండి. తన పాఠాలు ఛానెళ్లలో పంచుతున్నారని ఒక కోచింగ్ టీచర్ వేసిన కేసులో అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే, అడ్మిన్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఐపీ అడ్రస్‌లు టెలిగ్రాం ఇచ్చేసింది.

పుస్తకాల ధరలు చూస్తే మీ బాధ అర్థమవుతుంది, నలుగురికీ పనికొస్తుందనే చేస్తున్నారు. మీ చదువు కోసం లైబ్రరీ పుస్తకంలో కొన్ని పేజీలు కాపీ తీసుకోవడాన్ని చట్టం తప్పుపట్టదు, వేల మందికి పుస్తకం మొత్తం పంచడం అందులోకి రాదు. స్కాన్లు తీసేసి, మీరు సొంతంగా రాసుకున్న నోట్సు పెట్టండి, ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ కోర్సులైన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు, నేషనల్ డిజిటల్ లైబ్రరీ లింకులు పిన్ చేయండి. మీది ప్రభుత్వ కాలేజీ అయితే 2025లో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద జర్నళ్లు ఉచితంగా చూడొచ్చేమో లైబ్రేరియన్‌ని అడగండి.