పినో న్వార్‌కు నాటుకోడి పులుసే జోడీ

‘చల్లని ప్రాంతాల రెడ్ వైన్ మన కారం కూరలకు పొసగదంటారు, నిజమేనా? అసలు దాన్ని ఎలా రుచి చూడాలి?’ అని అడిగారు. పొసగదని చెప్పేవాళ్లు రాగి సంగటి, నాటుకోడి పులుసు ముందు పెట్టుకుని ఒక్కసారైనా తాగి ఉండరు. నేను తాగాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

న్యూజిలాండ్‌లోని సెంట్రల్ ఒటాగోలో రెండేళ్లు ద్రాక్షతోటల్లో పనిచేశాను. దక్షిణాన 45వ అక్షాంశం దగ్గర, కొండల నడుమ ఉంటుంది. పగలు ఎండ చురుక్కుమంటుంది, రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది. వసంతంలో మంచుకు చిగుళ్లు మాడిపోకుండా తెల్లవారుజామున హెలికాప్టర్లు తోటల మీద తిరుగుతూ పైనున్న వెచ్చని గాలిని కిందికి తోస్తాయి. పండు పక్వానికి వచ్చాక కూడా పులుపు చావకుండా కాపాడేది ఆ రాత్రి చలే. అక్కడ ఎక్కువగా పండేది పినో న్వార్ అనే నల్లద్రాక్ష, దాంతో చేసే రెడ్ వైన్‌కూ అదే పేరు. ఆ పండు తోలు పలుచన, కాబట్టి రంగు తేలిక, వగరు తక్కువ. ఆ వగరునిచ్చే టానిన్ గురించి పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాస్తారు. నేరేడు పండ్లు తిని నాలుక పిడచగట్టిన ప్రతి పిల్లవాడికీ మన ఊళ్లో ఆ సంగతి తెలుసు.

సెలవుకు వచ్చినప్పుడు ఒక సీసా తెచ్చాను. కనుమ రోజు సాయంత్రం, చిత్తూరు దగ్గర మా మేనమామ మామిడితోటలో తెరిచాం. గంటన్నర ఫ్రిజ్‌లో పెట్టి తీశాను. వైన్ గ్లాసులు లేవు, టీ తాగే గాజు గ్లాసుల్లో మూడో వంతు పోశాను. మామయ్య మొదటి గుక్క తాగి, ‘ఏమిరా, చారు మీది తేటలా ఉంది’ అన్నాడు. మా అక్క వేడి సంగటి ముద్ద వేసి, గుంట చేసి పులుసు పోసింది. నాలుగు ముద్దలు తిన్నాక మామయ్య మళ్లీ గ్లాసు అందుకున్నాడు. ఈసారి మింగలేదు, కాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. ‘నేరేడు పండు వాసన వస్తోంది. తొలకరికి తడిసిన మట్టి వాసన కూడా ఉంది’ అన్నాడు. వైన్ గురించి ఒక్క ముక్క చదవని మనిషి! ఒటాగోలో రుచి చూసి చెప్పేవాళ్లు చెర్రీ పండు, తడి మట్టి అంటుంటే విన్నాను. చెర్రీ తినని మామయ్యకు దాని చోట నేరేడు తగిలింది.

ఇలా కుదరడానికి కారణం ఉంది. చింతపండుకు పులుపునిచ్చేది ముఖ్యంగా టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలోనూ ప్రధానమైనది అదే. కూర పులుపు ముందు వైన్ పులుపు తక్కువైతే ఆ వైన్ చప్పబడిపోతుంది. చలిలో పండిన పినో న్వార్ పులుసు ముందు నిలబడుతుంది. కారం సంగతి వేరు. వగరు, ఆల్కహాలు రెండూ నోటిమంటను పెంచుతాయి. ఈ వైన్‌లో వగరు తక్కువే కానీ, ఆల్కహాలు 13 శాతం, ఒక్కోసారి అంతకు పైనే ఉంటుంది. మా అక్క ఆ రోజు మిరపకాయలు తగ్గించి ధనియాలు, గసగసాలు, కొబ్బరి పెంచింది. ఆ ఒక్క మార్పు తప్పదు.

తిరుపతిలో ఒక హోటల్లో జరిగింది కూడా చెప్పాలి. మే నెల. అలమరలో నిలబెట్టిన సీసా తెచ్చి గ్లాసు అంచుదాకా పోశారు. అది వెచ్చగా కషాయంలా ఉంది. ఐసు బకెట్ అడిగితే రెడ్ వైన్ గది వేడిమిలోనే తాగాలని నాకే పాఠం చెప్పారు. ఆ మాట పుట్టింది ఐరోపాలోని చల్లని ఇళ్లలో. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఆ సూత్రం పట్టుకుని అంత ఖరీదైన సీసాను పాడుచేస్తుంటే కడుపు మండింది. పినో న్వార్ 14 డిగ్రీల దగ్గర ఉండాలి. గ్లాసులో ఖాళీ ఉంటేనే వాసన నిలుస్తుంది. మెల్లగా తిప్పి ముందు వాసన చూడండి, తర్వాత చిన్న గుక్క. దవడల పక్కన నీరూరితే అది పులుపు, చిగుళ్లు బిగుసుకుంటే వగరు.

రెడ్ వైన్ అనగానే మటన్ వేపుడు తెప్పించుకునే అలవాటు కూడా మానాలి. మిరియాలు, నూనె దట్టించిన వేపుడు దగ్గర పినో న్వార్ గొంతే వినబడదు. దానికి షిరాజ్ లాంటి ముదురు వైన్ తీసుకోండి. శాకాహారులైతే పుట్టగొడుగుల ఇగురు చేసుకోండి, ఆ మట్టి వాసనా ఈ మట్టి వాసనా ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. ఆవకాయ వేసుకున్న పళ్లెం పక్కన మాత్రం సీసా తెరవకండి. ఆవఘాటు ముక్కుకెక్కాక ఆ నేరేడు వాసన ఎంత వెతికినా దొరకదు.