కొత్త నెట్‌వర్క్ స్విచ్‌లు పెట్టాం, కరెంటు ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: మా ఆఫీసులో 48 పోర్టుల గిగాబిట్ స్విచ్‌లు ఆరు ఉన్నాయి. విడతలవారీగా మారుస్తున్నాం. రెండు కొత్తవి బిగించాక కరెంటు వాడకం తగ్గకపోగా పెరిగింది. లోపం ఎక్కడుంది?

జవాబు: పాతవి ఇంకా ఆన్‌లోనే ఉండి ఉంటాయి, ముందు అది చూడండి. ‘నాలుగు కేబుళ్లే కదా, తర్వాత మారుద్దాం’ అని వదిలేసిన పాత స్విచ్, పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే పరికరాలకు కరెంటు ఇవ్వడం) భారం పక్కన పెడితే, నిండుగా ఉన్నప్పటికి దాదాపు దగ్గరగానే కరెంటు లాగుతుంది. ఫ్యాన్లు, స్విచింగ్ చిప్, పవర్ సప్లై ట్రాఫిక్ లేకపోయినా నడుస్తూనే ఉంటాయి. 60 వాట్ల పెట్టె ఏడాదంతా ఆన్‌లో ఉంటే సుమారు 525 యూనిట్లు. యూపీఎస్ నష్టం, ఏసీ ఖర్చు దీనికి అదనం.

అందుకే ఇంకొకటి కొనేముందు పోర్టులు లెక్కపెట్టండి. ఏ పోర్టులో ఏ పరికరం ఉందో స్విచ్ రాసుకునే మ్యాక్ అడ్రస్ టేబుల్‌ని ఒక్కసారి చూసి తేల్చేయకండి. చాలా స్విచ్‌లలో ఎంట్రీలు 300 సెకన్లకే చెరిగిపోతాయి, నిద్రలో ఉన్న ప్రింటర్ అందులో కనబడదు. నెల రోజులపాటు గంటకోసారి నమోదు చేయించండి. మీకున్న 288 పోర్టుల్లో నిజంగా వాడేవి 150 అని తేలితే నాలుగు స్విచ్‌లే చాలు, ఇంకా 42 పోర్టులు మిగులుతాయి.

సర్దేటప్పుడు పీఓఈ లెక్క తప్పుతుంది, జాగ్రత్త. 370 వాట్ల బడ్జెట్ ఉన్న స్విచ్ ప్రతి పోర్టుకూ 30 వాట్లు కేటాయిస్తే 12 పరికరాలకే సరి. ఆపైన తగిలించినవాటికి కరెంటు అందదు, లేదా ప్రాధాన్యం తక్కువున్న పోర్టులు ఆగిపోతాయి. కెమెరాలకు, ఫోన్లకు ప్రాధాన్యం ముందే పెంచి పెట్టండి.

పాతదాన్ని తీసే ముందు స్పానింగ్ ట్రీలో (స్విచ్‌ల మధ్య డేటా వలయంలా తిరగకుండా ఆపే ఏర్పాటు) రూట్, అంటే కేంద్ర స్విచ్, అదేనేమో చూడండి. అదే అయితే కొత్త స్విచ్ ప్రయారిటీ విలువ తగ్గించి రూట్‌ని ముందు అటు మార్చాలి, లేకపోతే ప్లగ్ పీకిన క్షణాన నెట్‌వర్క్ అంతా తడబడుతుంది. గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి దారి), డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ అడ్రస్‌లు ఇచ్చే సేవ) దానిమీదే ఉన్నాయేమో కూడా చూసుకోండి. తర్వాత పోర్టులన్నీ షట్‌డౌన్ చేసి వారం ఆగండి. ఎవరూ ఫిర్యాదు చేయకపోతే కాన్ఫిగరేషన్ దాచుకుని పవర్ తీసేయండి. ఆదా మొదలయ్యేది ఆ రోజునుంచే.

ప్రశ్న: ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్ ఆన్ చేస్తే లాభమేనా?

జవాబు: లాభమే, కానీ లింకుకు రెండు వైపులా ఉండాలి. 2010లో వచ్చిన ఈ ప్రమాణం (802.3ఏజెడ్) డేటా లేనప్పుడు లింకుని నిద్రపుచ్చుతుంది. పాత పరికరం ఒక కొసన ఉంటే ఏమీ జరగదు, అందుకే విడతలవారీ మార్పులో దీని ఫలితం ఆలస్యంగా కనబడుతుంది. నెట్‌వర్క్ ఆడియో, కచ్చితమైన సమయ సమన్వయం అవసరమైన పరికరాలున్న పోర్టుల్లో మాత్రం ఆపేయండి, నిద్రలేచే జాప్యం వాటికి పడదు.

ప్రశ్న: ర్యాక్‌లో స్విచ్‌ల మధ్య 10 గిగాబిట్‌కి ఆర్‌జే45 (మామూలు రాగి నెట్‌వర్క్ కేబుల్ తగిలించే) మాడ్యూళ్లు వాడొచ్చా?

జవాబు: వద్దు. అవి ఒక్కోటి రెండు, మూడు వాట్లు తింటాయి, లింకుకి రెండు కావాలి. అదే ర్యాక్‌లో కొద్ది మీటర్ల దూరానికి పాసివ్ డీఏసీ కేబుల్ (రెండు కొసలా ప్లగ్‌లు బిగించే వచ్చే రాగి కేబుల్) పెడితే ఖర్చు వాట్‌లో చిన్న భాగమే. ఆర్‌జే45 తప్పనిసరైతే పక్క పోర్టు ఖాళీగా వదలండి. వేడి పేరుకుంటే లింకు మధ్యమధ్యలో తెగుతుంది.