కొర్రన్నమైనా కొలిచే తినాలి

ప్రశ్న: నా వయసు 46. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 6.2 వచ్చింది. మందులేమీ రాయలేదు, తిండి మార్చుకోమన్నారు. మా అత్తగారేమో తెల్లన్నం మానేసి పొద్దున రాగిజావ, మధ్యాహ్నం కొర్రన్నం తినమంటారు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి మాత్రం చేతికి షుగర్ కొలిచే సెన్సర్ పెట్టుకుని ఫోన్‌లో చూసుకుంటూ తినాలి, ఇకమీదట అందరూ తినేది అలాగే అంటాడు. ఎవరి మాట వినాలి?
– ఓ పాఠకురాలు, వనపర్తి

జవాబు: అమ్మా, 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్ ఇంకా ఇంట్లోకి రాలేదు, గుమ్మంలో నిలబడిందని అర్థం. తిండితో, నడకతో వెనక్కి పంపే వీలు చాలావరకు ఉన్న దశ ఇదే.

మీ అత్తగారు చెప్పే కొర్రలు, జొన్నలు పాలమూరు మెట్ట పొలాలకు కొత్తవి కావు. అయితే అప్పటివాళ్లు పొద్దంతా చేలో వంగి పనిచేసి తిన్నారు. జొన్నరొట్టెను పప్పుకూరతోనో పల్లీల తొక్కుతోనో తిన్నారు. మనం ఆ గింజను మాత్రమే తెచ్చుకుని, పనినీ పప్పునూ వదిలేస్తున్నాం. కొర్రలు తింటున్నా షుగర్ దిగట్లేదని ఈమధ్య ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. ఫోన్‌లో తన కంచం ఫొటో చూపించారు. కంచం నిండా కొర్రన్నం, అంచున చెంచాడు పప్పు, పక్కన ఆవకాయ బద్ద. గింజ మారింది గానీ కుప్ప మారలేదు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) షుగర్ జబ్బుపై దేశమంతా చేయించిన ఇండియాబ్ అధ్యయనం 2025లో వచ్చింది, అందులోనూ ఇదే తేలింది. మన దేశంలో మనిషికి అందే శక్తిలో సగటున 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. తెల్లబియ్యం బదులు అంతే మోతాదులో గోధుమలో చిరుధాన్యాలో తింటే షుగర్ ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. మొత్తం పిండిపదార్థం కొంత తగ్గించి, ఆ జాగాలో పప్పులు, పాలు, పెరుగు చేరిస్తేనే తగ్గింది.

అందుకే కంచంలో సగం కూర, ఆకుకూర పెట్టుకోండి. పావు వంతు గట్టిపప్పో, పెసలో, గుడ్డో ఉండాలి. అన్నానికి మిగిలిన పావు వంతే. అది కొర్రన్నమైనా సరే, తెల్లన్నమైనా సరే. ముందు కూర, పప్పు కొంత తిని తర్వాత అన్నం కలుపుకుంటే షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది.

రాగిజావ విషయంలో మాత్రం నేను అత్తగారితో ఏకీభవించను. మెత్తటి పిండి, పల్చగా ఉడికి, నమిలే పని లేకుండా గొంతు దిగుతుంది. షుగర్ గబుక్కున లేస్తుంది, బెల్లం వేస్తే ఇక చెప్పక్కర్లేదు. అలాగని రాగుల్ని వదలొద్దు. వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, మీ వయసులో ఎముకలకు అది కావాలి. మునగాకు, ఉల్లిపాయ కలిపి రొట్టె చేసుకుని పప్పుతో తినండి.

మీ అబ్బాయి మాటలోనూ నిజముంది. 2015లో ఇజ్రాయెల్‌లో 800 మందికి సెన్సర్లు పెట్టి చూస్తే, ఒకే తిండికి ఒక్కొక్కరిలో షుగర్ ఒక్కోలా పెరిగింది. కానీ మీకు రోజూ సెన్సర్ అక్కర్లేదు. గ్లూకోమీటర్ చాలు. ఒకరోజు పప్పుతో తెల్లన్నం, ఇంకోరోజు అదే పప్పుతో అంతే కొర్రన్నం తినండి. మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు చూసి నోటుపుస్తకంలో రాసుకోండి. 140 లోపు ఉంటే ఆ భోజనం మీకు పడుతున్నట్టే.

బియ్యమూ మారుతోంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన తెలంగాణ సోనా రకం బియ్యం షుగర్‌ను కాస్త నెమ్మదిగా పెంచుతుంది. మన సాంబ మసూరినే మరో రకంతో సంకరం చేసి, ఇంకా నెమ్మదిగా అరిగే, ప్రొటీన్ ఎక్కువుండే వరిని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తయారుచేసింది. పాత పంటలోంచే కొత్త తిండి వస్తోందంటే నాకు నిజంగా సంతోషం. కాకపోతే సంచి మీద రాసింది చూసి రెండు గరిటెలు ఎక్కువ వడ్డించుకోకండి.

కిడ్నీ సమస్య ఏమైనా ఉంటే పప్పు, గుడ్డు పెంచే ముందు మీ డాక్టర్‌ని అడగండి. రోజూ అరగంట నడవండి. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించండి, 6.5 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టర్‌ని కలవడానికి ఆలస్యం చేయొద్దు. తల్లికి ఈ దశ వచ్చిందంటే బిడ్డకూ ముప్పు ఉంటుంది కాబట్టి, ఈసారి మీ అబ్బాయి ఊరికి వచ్చినప్పుడు అతనికీ పరగడుపు షుగర్ చూపించండి.